ఎవరికి దాగి ఉంది?
సలేశ్వరం గుండం మీద వస్తున్న రాతల గురించి

మా బడిలో ఐదో తరగతికి నేను తెలుగు చెప్తాను. ఒక ఏడు చైత్ర పున్నమి జాతర అయిపోయిన వారానికి 'నేను చూసిన జాతర' అని ఒక పేజీ రాసుకు రమ్మన్నాను. పిల్లల్లో ఎక్కువమంది చెంచుల పిల్లలే కాబట్టి దాదాపు అందరూ సలేశ్వరం గురించే రాశారు. అందులో ఒక అమ్మాయి రాసింది చాలా శుద్ధంగా ఉంది. అక్షరదోషం ఒక్కటి లేదు. మొదటి వాక్యం ఇది: "దట్టమైన నల్లమల అడవిలో దాగి ఉన్న సలేశ్వరం తెలంగాణ అమర్‌నాథ్‌గా పేరుగాంచింది."

నేను అడిగాను, "ఎవరికి దాగి ఉంది బిడ్డా?"

"పేపర్ల అట్లనే ఉంది టీచర్."

"మీ అవ్వ వాళ్ళ గుడిసె ఏడుంది?"

"ఆడనే టీచర్. జాతరకు పొయ్యే దారి పక్కకే."

"మరి మీ అవ్వకు కూడా దాగి ఉందా?"

తరగతి అంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు. రబ్బరు తీసుకుని ఆ మాట చెరపబోయింది. నేను వద్దన్నాను. తప్పు ఆ పిల్లది కాదు. రాయడం అంటే అచ్చులో ఉన్నట్టు రాయడమేనని నేర్పింది మేమే, టీచర్లమే. ఆ రోజు నుంచి సలేశ్వరం మీద ఎక్కడ ఏ రాత కనిపించినా కత్తిరించి దాచడం మొదలుపెట్టాను. ఫోన్లో వచ్చే వీడియోల్లో మాటలు కూడా రాసుకున్నాను. అన్నీ ఒకచోట పెట్టి చదివితే ఒక సంగతి తేలింది. రాసేవాళ్ళు వేరువేరు మనుషులు, కానీ మాటలు మాత్రం నాలుగైదే తిరిగి తిరిగి వస్తున్నాయి. ఆ మాటలు మన పిల్లల నోట్‌బుక్కుల్లోకి వచ్చేశాయి. అందుకే వాటిని ఒక్కొక్కటిగా పట్టి చూడాలనిపించింది.

తెలియనివాళ్ళ కోసం ముందు ఆ చోటు గురించి నాలుగు మాటలు చెప్తాను. సలేశ్వరం నాగర్‌కర్నూల్ జిల్లాలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఉంది. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే రోడ్డు మీద మన్ననూరు దాటాక ఫరహాబాద్ దగ్గర అడవి దారి పట్టాలి. రాంపూర్ పెంట దాకా బండ్లు పోతాయి. అక్కడి నుంచి నాలుగైదు కిలోమీటర్లు నడక. రాళ్ళ మీదుగా, ఇరుకు అంచుల మీదుగా లోయలోకి దిగాలి. అడుగున గుండం ఉంటుంది. పై బండల మీది నుంచి నీళ్ళు అందులోకి దుముకుతుంటాయి. పక్కన గుహలో లింగమయ్య. చైత్ర పున్నమికి జనం వచ్చి గుండంలో మునిగి లింగమయ్యకు మొక్కుతారు. పూజ చేసేది చెంచులే.

ఇక మాటల్లోకి వద్దాం.

మొదటి మాట: 'దాగి ఉన్న'

దాగి ఉంది అనాలంటే చూసే మనిషి బయట నిలబడి ఉండాలి. రోడ్డు మీద, కారు పక్కన నిలబడి అడవివైపు చూసేవాడికి అది దాగి ఉన్నట్టే. పెంటలో పుట్టినవాడికి అది రోజూ నీళ్ళకూ తేనెకూ గడ్డలకూ తిరిగే తావు. ఒకే వాక్యం ఒకరికి నిజం, ఇంకొకరికి అబద్ధం. పేపర్లో రాసిన ఆయన తన చోటు నుంచి తాను రాశాడు. ఆయన మీద నాకు కోపం లేదు. మన పిల్ల తన చోటు వదిలేసి, ఆయన నిలబడ్డ చోట నిలబడి తన అవ్వ గుడిసెను వెతుక్కోవడమే నా బాధ.

ఈ మాటకు తోడు ఇంకో రెండు వస్తాయి: 'జనసంచారం లేని', 'మానవ మాత్రుడు అడుగుపెట్టని'. అదే వ్యాసంలో నాలుగు వాక్యాల తర్వాత 'స్థానిక చెంచులు పూజలు నిర్వహిస్తారు' అని ఉంటుంది. మనుషులు లేని చోట పూజ ఎవరు చేస్తున్నారని రాసినవాళ్ళు వెనక్కి తిరిగి చూసుకోరు.

ఇది భాషలో చిన్న పొరపాటు అనుకోవడానికి లేదు. ఈ అడవిని పులుల ప్రాజెక్టు కిందికి తెచ్చింది 1983లో. అడవి మధ్యభాగంలో ఉన్న పెంటలను బయటికి తరలించాలన్న మాట ఎప్పటినుంచో నడుస్తూనే ఉంది. కుటుంబానికి 10 లక్షలు ఉన్న ప్యాకేజీని 2021లో 15 లక్షలకు పెంచారు. ఇష్టపడి పోతేనే తరలించాలని చట్టం చెప్తుంది. ఇంకోవైపు 2006 అటవీ హక్కుల చట్టం చెంచుల వంటి ఆదిమ సమూహాలకు తాము తిరిగే మొత్తం తావు మీద ఆవాస హక్కు ఉంటుందని చెప్తుంది. ఉండాలా పోవాలా అన్నది ఆ కుటుంబాలు తేల్చుకోవాల్సిన సంగతి. వైద్యం కోసం, పిల్లల చదువు కోసం పోదామనే వాళ్ళూ మాలో ఉన్నారు. వాళ్ళను తప్పుపట్టను. కానీ ఇంత పెద్ద మాట నడుస్తున్నప్పుడు 'జనసంచారం లేని అడవి' అని ఏటేటా అచ్చువేస్తే ఏమవుతుంది? చదివేవాడి మనసులో ఆ తావు ముందే ఖాళీ అయిపోతుంది. కాగితం మీద లేని మనిషిని అడవిలో నుంచి పంపించడం సులువు.

పాత రాతలన్నీ ఇట్లాగే లేవు. హైమెండార్ఫ్ అంటే మనకు ఆదిలాబాద్ గోండులు గుర్తుకొస్తారు. కానీ హైదరాబాద్ రాజ్యంలో ఆయన మొదట వచ్చి ఉన్నది చెంచుల దగ్గర, ఈ అమ్రాబాద్ గుట్టల మీదనే. చెంచుల మీద ఆయన పుస్తకం 1943లో వచ్చింది. ఆయన చూపు కూడా బయటి చూపే. అయినా అందులో పెంటలు ఉన్నాయి, ఇంటిపేర్లు ఉన్నాయి, గారెల మైసమ్మ ఉంది. మనుషులు ఉన్నారు. ఎనభై ఏళ్ళ కింద దేశం కాని దేశం నుంచి వచ్చినాయనకు కనిపించిన మనుషులు ఇప్పుడు పొద్దున పోయి సాయంత్రం తిరిగొచ్చే వాళ్ళకు కనిపించడం లేదు.

రెండో మాట: 'తెలంగాణ అమర్‌నాథ్'

ఈ మాట చూసి మావాళ్ళే సంతోషపడతారు. నేనూ మొదట్లో పడ్డాను. మన లింగమయ్యను అంత పెద్ద దేవుడితో పోల్చారు కదా అని. తర్వాత ఆలోచించాను. పోలిక అంటే రెండింటిలో కలిసేది ఉండాలి. అమర్‌నాథ్ గుహ సముద్ర మట్టానికి 3,888 మీటర్ల ఎత్తున కశ్మీర్ కొండల్లో ఉంది. అక్కడ లింగం మంచుతో ఏర్పడుతుంది. యాత్ర శ్రావణ పున్నమికి ముగుస్తుంది. సలేశ్వరం ఎండాకాలపు జాతర. ఎక్కిపోయే కొండ కాదు, దిగిపోయే లోయ. అక్కడ మంచు మహిమ, ఇక్కడ చైత్రంలో కూడా ఎండని నీటి మహిమ. కలిసేది ఒక్కటే: నడక కష్టం. అంటే ఈ పోలిక యాత్రికుడి కాళ్ళ నొప్పి గురించి చెప్తుంది, దేవుడి గురించి కాదు, నీళ్ళ గురించి కాదు.

సరే, పోల్చారు కాబట్టి ఆ పోలికను చివరిదాకా తీసుకుపోదాం. అమర్‌నాథ్ గుహను మొదట చూసింది బూటా మాలిక్ అనే ముస్లిం గొర్రెల కాపరి అని అక్కడ కథ ఉంది. ఆ కుటుంబానికి తరతరాలుగా గుడి కానుకల్లో వాటా ఉండేది. 2000 సంవత్సరంలో చట్టం చేసి ఆలయ బోర్డు పెట్టారు. ఆ తర్వాత మాలిక్ కుటుంబానికి ఆ వాటా లేకుండా పోయింది. కథలో కాపరి మిగిలాడు, గుడిలో అతని మనుషులు మిగల్లేదు.

సలేశ్వరాన్ని అమర్‌నాథ్ అనేవాళ్ళకు ఈ సంగతి తెలియకపోవచ్చు. మనకు తెలిసి ఉండాలి. పేరు పెద్దదైతే జనం పెరుగుతారు. జనం పెరిగితే ఏర్పాట్లు కావాలి. ఏర్పాట్లకు కమిటీ కావాలి. కమిటీలో చెంచులు ఎందరు, గుహలో ఎవరుండాలో చెప్పేది ఎవరు అన్న ప్రశ్న ఇప్పుడే అడగాలి. తర్వాత అడిగితే జవాబు కథగా చెప్తారు.

కథ ఎట్లా చెప్తారో నల్లమలలోనే చూడవచ్చు. శ్రీశైలం మల్లన్నను మావాళ్ళు చెంచు మల్లయ్య అంటారు, మా ఆడపిల్లను చేసుకున్న అల్లుడని చెప్పుకుంటారు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడాడు. ఆ కథ 1943లో ఒకసారి, 1958లో ఒకసారి సినిమాగా వచ్చి తెలుగువాళ్ళందరికీ తెలిసింది. పిల్లనిచ్చిన గౌరవం మాకుంది. కానీ అహోబిలంలో కొండ మీది గుండం పేరు చూడండి: రక్తగుండం. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన స్వామి చేతులు కడుక్కున్న చోటు అని స్థలపురాణం. అంతకు ముందు ఆ నీళ్ళు తాగినవాళ్ళు ఎవరో, దాన్ని ఏమని పిలిచారో పురాణానికి పట్టలేదు. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించిన ప్రోలయ వేమారెడ్డి పేరు చరిత్ర పాఠంలో ఉంది. మెట్లు లేనప్పుడు దారి చూపినవాళ్ళ పేర్లు లేవు.

రెండు చోట్లా మాకు చుట్టరికం దక్కింది, గర్భగుడి దక్కలేదు. సలేశ్వరంలో లింగమయ్య దగ్గర కూర్చున్నది ఇంకా మావాళ్ళే. అందుకే నాకు సలేశ్వరం అమర్‌నాథ్ కాదు. అది సలేశ్వరం. ఆ పేరు చాలు.

మూడో మాట: 'సాహసయాత్ర'

ఈమధ్య వీడియోల్లో ఎక్కువగా వినిపించే మాట ఇది. కెమెరా మొదట చెప్పుల్లేని కాళ్ళను చూపిస్తుంది, తర్వాత లోయను, తర్వాత మాట్లాడే మనిషి ముఖాన్ని. చివరిదాకా ఆ ముఖమే. యాత్ర అంటే తాను గెలిచి రావడం. మధ్యలో ఒక చెంచు ముసలాయన విల్లు పట్టుకుని అర నిమిషం కనిపిస్తాడు. ఆయన్ను ఏమీ అడగరు. అడిగినా "ఇక్కడ పులులు ఉంటాయా తాతా?" అంటారు.

జాతరకు వచ్చే మామూలు జనం భాష వేరు. దిగేటప్పుడు "వస్తున్నం లింగమయ్యా" అని కేక వేస్తారు. తిరిగి ఎక్కేటప్పుడు "పోతున్నం లింగమయ్యా" అంటారు. పాలమూరు ఊళ్ళ నుంచి వచ్చే రైతులు, కూలీలు, ముసలివాళ్ళు అందరూ అంతే. ఈ రెండు కేకల్లో ఉన్న అందం నేను చదివిన ఏ వ్యాసంలోనూ కనిపించలేదు. చుట్టాల ఇంటికి పోయినప్పుడు వాకిట్లో నిలబడి "వస్తున్నం" అంటాం. తిరిగి పోయేటప్పుడు చెప్పిపోతాం. చెప్పకుండా వస్తే దొంగ, చెప్పకుండా పోతే అలిగినట్టు. లోపల ఒక ఇల్లుందని, ఇంటివాళ్ళు ఉన్నారని ఒప్పుకున్నవాడే అట్లా కేక వేస్తాడు. సాహసం అనేవాడు ఇల్లు ఉందని ఒప్పుకోడు. గుట్టను గెలుస్తాడు, సెల్ఫీ దిగుతాడు, పోతాడు.

గెలవాలన్న ఈ తొందరకు ఖరీదు కూడా ఉంది. 2023 జాతరలో ఇరుకు దారిలో జనం కిక్కిరిసి ప్రాణాలు పోయాయి. ఆ దారి ఒకరి వెనక ఒకరు పోవడానికి ఏర్పడింది. ఎదురుపడితే ఒకరు ఆగి ఒకరికి తావివ్వాలి. మా మేనమామ మమ్మల్ని తీసుకుపోయినప్పుడు చెప్పిన మొదటి మాట "ఉరకొద్దు" అని. రెండోది "ఎక్కేటోళ్ళకు దారియ్యి" అని. ఆ రెండు మాటలు ఏ వ్యాసంలోనైనా పెట్టి ఉంటే దానికి నేను నూటికి నూరు మార్కులు వేసేదాన్ని.

నాలుగో మాట: 'ఔషధ గుణాల నీరు'

గుండం నీళ్ళు వేలాది మూలికల వేళ్ళను తాకుతూ వస్తాయట. అందులో మునిగితే రోగాలు నయమవుతాయట. పాపాలు పోతాయన్నది విశ్వాసం, దాని జోలికి నేను పోను. రోగాలు పోతాయన్నది అట్లా కాదు. ఏ రోగం, ఏ మూలిక, ఎవరు పరీక్షించారు అన్న మూడు ప్రశ్నలకు రాసేవాళ్ళు జవాబు చెప్పాలి. చెప్పరు. ఈ మాట నమ్మి ఆయాసం ఉన్న పెద్దవాళ్ళు ఎండలో ఆ లోయ దిగుతారు. సైన్సు చెప్పే టీచర్లుగా మనం దీన్ని ఊరికే వదలకూడదు. మన చెట్ల మందుల మీద మనకు గౌరవం ఉంది. అందుకే ఆ మాటను అంత సులువుగా వాడనివ్వకూడదు. ఏ ఆకు దేనికి, ఎంత, ఎప్పుడు అని లెక్కపెట్టి ఇచ్చేవాళ్ళు మన పెద్దలు. అన్ని మూలికలూ కలిసిన నీళ్ళు అన్ని రోగాలకూ అని వాళ్ళు ఎన్నడూ అనలేదు.

ఇంతకూ గుండం ఎందుకు పవిత్రం? మా అవ్వ చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ సరిపోతుంది. నేను చిన్నప్పుడు నీళ్ళలో ఉమ్మితే చేతి మీద ఒకటి వేసి, "నీ ఎనక తాగేటోళ్ళు ఉన్నరు" అన్నది. చైత్రం అంటే వాగులు ఎండే కాలం. అప్పుడు కూడా నీళ్ళున్న తావు మనిషికీ జింకకూ ఎలుగుకూ పులికీ ఒకటే. మన తర్వాత తాగేవాళ్ళు ఉన్నారన్న ఎరుక ఉన్నచోట నీళ్ళు పవిత్రమవుతాయి. లింగమయ్య ఆ నీళ్ళ పక్కన కూర్చున్నాడు కాబట్టి నీళ్ళు పవిత్రమా, ఆ నీళ్ళు ఉన్నాయి కాబట్టి లింగమయ్య అక్కడ కూర్చున్నాడా? పిల్లలను అడిగి చూడండి. మా తరగతిలో ఎక్కువమంది రెండోదే అన్నారు.

ఆ లెక్కన చూస్తే స్నానం తర్వాత గుండం చుట్టూ మిగిలే షాంపూ పాకెట్లు, తడి బట్టలు, నీళ్ళ సీసాలు భక్తిలో ఏ భాగం? ఇది బయటివాళ్ళ తప్పే అని చెప్పి చేతులు దులుపుకోలేను. జాతరలో నీళ్ళ సీసాలు అమ్మేవాళ్ళలో మావాళ్ళూ ఉన్నారు. ఆ నాలుగు రూపాయలు వాళ్ళకు అవసరం. సొరకాయ బుర్రలో నీళ్ళు మోసిన మనం కూడా ఇప్పుడు ఖాళీ సీసాను పొదలోకి విసురుతున్నాం. పవిత్రం అన్న మాట రాయడం సులువు, సీసా తిరిగి మోసుకురావడం కష్టం. ప్లాస్టిక్ వద్దని అటవీశాఖ అంటే మనలో కొందరికి కోపం వస్తుంది. అవ్వ చెప్పి ఉంటే కోపం రాదు. ఆ మాట చెప్పాల్సింది మనమే, ముందుగా, మన నోటితో.

మనం ఏం రాయాలి

ఇంత విమర్శ చేశాక, మరి మంచి రాత ఎట్లా ఉంటుందని మీరు అడుగుతారు. సలేశ్వరం మీద రాసేవాళ్ళందరూ చెడ్డవాళ్ళని నేను అనడం లేదు. కష్టపడి నడిచి, భక్తితో రాసినవాళ్ళు ఉన్నారు. దారిలో నీళ్ళు లేవని, వైద్యుడు లేడని రాసి మేలు చేసినవాళ్ళు ఉన్నారు. లోపం ఏమిటంటే అందరూ గేటు నుంచి గుండం దాకా రాస్తారు. గుండం నుంచి గేటు వైపు చూసి రాసినవాళ్ళు లేరు. ఆ రాత మన పిల్లలే రాయాలి.

టీచర్ మిత్రులకు ఒక పని చెప్తాను. ఇది నల్లమలకే కాదు. మీ ఏజెన్సీలో ఏ గుడి, ఏ గుండం, ఏ వాగు ఉన్నా చేయవచ్చు. దాని గురించి పేపర్లో వచ్చిన ఒక ముక్క తెచ్చి తరగతిలో చదివించండి. తర్వాత పిల్లలను ఈ ప్రశ్నలు అడగండి. ఇందులో మన మనుషులు ఎన్ని వాక్యాల్లో ఉన్నారు? వాళ్ళు మాట్లాడుతున్నారా, ఊరికే నిలబడి ఉన్నారా? ఈ నీళ్ళను మీ ఇంట్లో ఏ పేరుతో పిలుస్తారు? జాతర లేని రోజుల్లో ఈ నీళ్ళు ఎవరు తాగుతారు? ఈ ముక్క చదివి మీ అవ్వ, తాత ఏమంటారు? చివరి ప్రశ్నకు జవాబు ఇంటికి పోయి అడిగి రాసుకు రమ్మనండి. సగం వ్యాసం అక్కడే తయారవుతుంది.

భాష గురించి కూడా ఒక మాట. గోండు, కోయ పిల్లలకు ఇంటి భాష వేరు, బడి భాష వేరు. మా చెంచులకు ఇంట్లోనూ తెలుగే. మా ఇంటిపేర్లు నిమ్మల, ఉడుతల, చిగుర్ల, తోకల. అన్నీ తెలుగు మాటలే. అయినా మా పిల్లలు కలం పట్టగానే ఇంటి తెలుగును బయట విడిచి వస్తారు. 'అవ్వ' రాయరు, 'వృద్ధురాలు' అని రాస్తారు. 'గుండం' ఉండగా 'పవిత్ర పుష్కరిణి' అంటారు. మార్కులు అక్కడే పడతాయని వాళ్ళకు తెలుసు. వేసేది మనమే. మనం మార్కులు వేసే తీరు మారకుండా వాళ్ళ రాత మారదు.

ఆ అమ్మాయి తర్వాత మళ్ళీ రాసింది. ఒక పేజీ కూడా లేదు. రెండు మూడు అక్షరదోషాలు ఉన్నాయి. మొదటి వాక్యం ఇట్లా ఉంది: "జాతర వస్తే మా అవ్వ తెల్లారకముందే లేచి దారి ఊడుస్తది." రెండో వాక్యంలో గుండం నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో చెప్పింది. జాతర పోయిన తెల్లారి అవ్వతో పోయి సీసాలు ఏరిన సంగతి రాసింది. ఆఖరున, "మల్ల వచ్చేడాదికి జనం వస్తరు. మేము ఆడనే ఉంటం," అని ముగించింది.

ఆ ఆఖరి మాట నిజం కావాలి. దోషాలు దిద్ది, పదికి పది వేశాను.